రోడ్డువైపు గది

గుడ్డివాళ్ళ మీద మన భాషలో ఉన్నన్ని సామెతలు ఇంకెవరి మీదా లేవు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అంటారు. గుడ్డి కన్నా మెల్ల నయం అంటారు. ఇవన్నీ కట్టినవాళ్ళు కళ్ళున్నవాళ్ళే, అందులో సందేహం లేదు. "రెండు కళ్ళుండి ఏం లాభం, ఉన్న ఒక్క నోరూ అదుపులో లేనప్పుడు" అని ఆపరేటరమ్మ వాళ్ళని తన టెలిఫోను గదిలో కూర్చుని ఎన్నోసార్లు తిట్టింది. అలాంటి మనిషి దగ్గర అబద్ధమాడాలంటే కాస్త ముందూ వెనకా చూసుకోవాలి. ఇంట్లోవాళ్ళు చూసుకోలేదు. అందుకే ఇంత కథ జరిగింది.

ఆపరేటరమ్మ అంటే పెద్దాసుపత్రిలో టెలిఫోను బోర్డు ముందు కూర్చునే ఆవిడ. సొంత పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. డాక్టర్లకీ, ఆయాలకీ, ఫోను చేసి వెక్కివెక్కి ఏడ్చే బంధువులకీ ఆవిడ ఆపరేటరమ్మే. పెళ్ళికి ముందే చూపు పూర్తిగా పోయింది. పోయిందని తెలిసే అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే కుర్రాడు ఆవిణ్ణి చేసుకున్నాడు. చీకటి గదిలో ఫిల్ములు కడిగే మనిషి కాబట్టి ఆయనకి చీకటంటే బెరుకు లేదు. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. పాలు విరిగినా సర్దుకుపోదాం అంటాడు, పక్కింటివాళ్ళు గేటుకి అడ్డంగా బండి పెట్టినా సర్దుకుపోదాం అంటాడు. అందుకని ఆవిడ ఆయనకి సర్దుబాటు అని పేరు పెట్టింది. మామూలప్పుడు "ఏమండీ" అంటుంది, కోపమొస్తే "ఏమండీ సర్దుబాటుగారూ" అంటుంది.

కొడుకు డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాడు. నేర్చుకునేవాడి పక్క సీట్లో కూర్చుని, తన కాలి కిందుండే రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఉంచే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ పాదం తియ్యడు. కోడలు మందుల షాపు కౌంటర్లో పనిచేస్తుంది. ఏ డబ్బా చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదువుతుంది. వీళ్ళకో కూతురు, స్కూలుకెళ్ళే వయసు, నోరు తెరిస్తే ప్రశ్న.

పోయినేడాది సెలవులకి వీళ్ళంతా కలిసి ఒక ఊరు వెళ్ళారు. హోటలు కొడుకే చూశాడు. రెండు గదులు, పక్కపక్కనే. గదిలో అడుగు పెట్టగానే సర్దుబాటుగారు తెర దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. "కింద తోట ఉంది. ఎర్రపూలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. తోటమాలి నీళ్ళు పెడుతున్నాడు." గాలి రావడం లేదేమని ఆవిడ అడిగింది. "అద్దం బిగించేశార్లే" అన్నాడు. ఉన్నన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం ఆ తోట సంగతులు చెప్పాడు. ఆవిడ మంచం మీద కూర్చుని వింది. ఆ వినడంలో ఎంత సంతోషపడిందో తల్చుకుంటే ఆవిడకి తర్వాత ఒళ్ళు మండేది.

ఆఖరి రోజు అందరూ బజారుకి వెళ్ళారు. తడి తువ్వాలు కాస్త ఎండ తగిలేచోట ఆరేద్దామని ఆవిడ తెర పక్కకి తీసి చెయ్యి చాపింది. గోడ తగిలింది. పైకి తడిమింది, గోడ. పక్కకి తడిమింది, గోడే, దానికో మేకు. గదికి అందమొస్తుందని హోటలువాడు ఉత్త గోడకి నేలదాకా తెర వేలాడదీశాడు. దానికి మొగుడుగారు తోట వేశాడు.

కాసేపటికి బజారుకెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. పక్కగదిలోంచి మనవరాలి గొంతు వినిపించింది. "అమ్మా, కిటికీ దగ్గరికి రా, రైలొస్తోంది." అంటే ఆ గదికి కిటికీ ఉంది. ఆపరేటరమ్మ తువ్వాలు కుర్చీ మీద ఆరేసి కూర్చుంది. భర్త లోపలికి రాగానే మామూలుగా అడిగింది. "ఇవాళ తోటమాలి వచ్చాడా?"

"వచ్చాడు. మొక్కలు కత్తిరిస్తున్నాడు" అన్నాడాయన.

లోపలి గది ఇచ్చినందుకు కాదు ఆవిడ బాధ. ఇంట్లో పిల్ల ఉంది, అది చూస్తుందని కిటికీ గది వాళ్ళు తీసుకున్నారు, తీసుకోనీ. కానీ ఆ మాట మొహాన చెప్పి ఇవ్వొచ్చు కదా. కళ్ళు లేవు కదా, దీనికి కిటికీ ఎందుకు, గోడ చాలు అని ముగ్గురూ కలిసి నిర్ణయించుకుని, దాని మీద తెర కప్పి, పూలు పూయించారు. మింగలేక కక్కలేక ఆవిడ ఆ ఏడాదంతా గడిపింది.

ఇంతలో ఆసుపత్రిలో బోర్డు తీసేశారు. దాని బదులు "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే గొంతు పెట్టారు. ఆపరేటరమ్మకి పూలదండ వేసి, రావలసింది చేతిలో పెట్టి, ఇంటికి పంపించారు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ పళ్ళెం ముందుకి నెట్టి చెప్పింది.

"ఈ సెలవులకి నగరం వెళ్దాం. ఖర్చు నాది. లాడ్జీ వద్దు, మంచి హోటల్లో దిగుదాం. బొటీక్ హోటళ్ళని ఉంటాయి, గదులు తక్కువుంటాయి, ఏ గదికా గది వేరుగా ఉంటుంది. మా పెద్ద డాక్టర్లు అలాంటివే బుక్ చేసుకునేవారు, వాళ్ళకి లైను కలిపింది నేనే. రెండు గదులు తీసుకుందాం. రోడ్డువైపు కిటికీ ఉన్న గది నాది. ఇది ముందే చెప్తున్నా."

కొడుకు బ్రేకు మీద కాలేశాడు. "సరేలే అమ్మా, హోటలు సంగతి మేం చూస్తాం."

"మీరు చూసింది చాలు. ఈసారి నేను వింటాను."

"అది కాదత్తయ్యా" అంది కోడలు మెల్లిగా. "అలాంటి హోటళ్ళలో డబ్బంతా చూపుకే పోస్తారు. గోడల మీద బొమ్మలూ, దీపాలూ, రంగులూ..." అంటూ ఆగిపోయింది. మిగిలిన మాట నోట్లోనే ఉండిపోయింది గానీ భోజనాల బల్ల చుట్టూ అందరికీ వినిపించింది.

"నాకెందుకవన్నీ అంటావు, అంతేనా? అనమ్మా, నేనేం అనుకోను. అందం ఏమన్నా కళ్ళ సొత్తా? మెట్ల పక్క పిడి మీద చెయ్యేస్తే నున్నగా జారాలి. దుప్పటి ఒంటికి తగిలితే గరగరమనకూడదు. తలుపు వేస్తే గట్టిగా వేశామని తెలియాలి, రేకు డబ్బా మూసినట్టు ఉండకూడదు. ఇవి నీ దీపాల కన్నా ఖరీదైనవే."

కోడలు చెడ్డదేం కాదు. చిన్నక్షరాలు చదివి చదివి ప్రతిదానికీ ఏదో ఒక ప్రమాదం రాసే ఉంటుందని నమ్మే మనిషి, అంతే.

ఆదివారం పొద్దున కొడుకు కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. హోటళ్ళ ఫొటోలు ఒక్కొక్కటీ తీసి చదవడం మొదలెట్టాడు. "ఇదిగో, గది గోధుమరంగు, మంచం పెద్దది, కిటికీలోంచి వంతెన కనిపిస్తోంది." ఆవిడ రెండు ఫొటోలు విని చాలంది. "నీకు కనిపించేది నాకు చెప్పకు నాయనా. నెంబరు చెప్పు." ఫోను తీసుకుంది, స్పీకరు పెట్టింది, కుర్చీలో వెనక్కి ఆనుకుంది. జీతం కోసం చేసిన పని ఇప్పుడు తన కోసం చేస్తోంది, ఆ గొంతులో అధికారం చూడాల్సిందే.

మొదటి హోటలువాడు నోట్లో బెల్లం పెట్టుకుని మాట్లాడాడు. "నగరమంతా మీ కాళ్ళ కిందే ఉన్నట్టుంటుంది మేడమ్."

"కిటికీ తెరుచుకుంటుందా బాబూ?"

"తెరవాల్సిన అవసరమే ఉండదు మేడమ్, లోపల చల్లగా ఉంటుంది."

"అవసరం సంగతి నేను చూసుకుంటాను. తెరుచుకుంటుందా?"

"లేదు మేడమ్. సేఫ్టీ కోసం బిగించేశాం."

"అయితే దాన్ని కిటికీ అనకు, ఫొటో అను. ఉంటాను."

రెండో హోటల్లో ఒకమ్మాయి ఎత్తింది. అద్దాలు మూడు పొరలంది, కింద లారీ గుద్దుకున్నా గదిలో వినపడదంది. "మరి ఆ లారీవాడి గతేంటమ్మా, వాడి గోడు ఎవరు వినాలి?" అని ఆపరేటరమ్మ నిజంగానే అడిగింది. మనవరాలు నవ్వాపుకోలేక బల్ల కిందికి దూరింది.

మూడోవాడు ఫొటోలు పంపిస్తానన్నాడు. "నాకు చూపు లేదు, నోటితో చెప్పు" అనగానే వాడి గొంతు మారిపోయింది. చిన్నపిల్లతో మాట్లాడినట్టు గట్టిగా, సాగదీసి మాట్లాడటం మొదలెట్టాడు. "అయితే మేడమ్, మీకు మా గ్రౌండ్ ఫ్లోర్లో వెనకవైపు ప్రశాంతంగా..."

"నాకు కళ్ళు లేవన్నాను, చెవులు లేవన్లేదు. అరవకు" అని పెట్టేసింది.

అలా చాలా హోటళ్ళు అయ్యాయి. కొడుకు మొహం మాడ్చుకుని నెంబర్లు చదువుతున్నాడు. సర్దుబాటుగారు పక్కన కూర్చుని ఎవరికీ వినపడకుండా నిట్టూరుస్తున్నాననుకున్నాడు. అప్పుడొక హోటల్లో ఫోనెత్తిన మనిషి కాస్త వయసున్నవాడు, మాటకి ముందొకసారి ముక్కు ఎగబీల్చే అలవాటున్నవాడు.

"రోడ్డువైపు గది ఒకటుంది గానీ అమ్మా, దాన్ని నేనెవరికీ చెప్పను. కింద బస్టాపు. ఎదురుగా రేకుల పనివాళ్ళ కొట్టు. తెల్లారగానే షట్టర్లు లేస్తాయి. తలుపులు పాతకాలం చెక్కవి, బార్లా తెరుచుకుంటాయి, మూసినా సందుల్లోంచి ఊరంతా లోపలికొస్తుంది. దిగినవాళ్ళు దిగినట్టే గది మార్చమంటారు."

"బాల్కనీ ఉందా?"

"ఉంది. ఒక కుర్చీ పడుతుంది. రెండో కుర్చీ వేస్తే ఇక మనిషికి చోటుండదు."

"పాత ఇల్లా?"

"ఒక బట్టల వ్యాపారి మేడ అమ్మా. మా యజమాని బాగుచేయించి హోటలు చేశారు. మెట్లు అవే, తలుపులు అవే. పరుపులూ దుప్పట్లూ మాత్రం చాలా మంచివి వేయించారు."

"అదే గది నాకు రాసుకోండి. దాంతోపాటు ఇంకొకటి, మా అబ్బాయివాళ్ళకి, వెనకవైపు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఇంకోసారి ఆలోచించుకోండమ్మా. తర్వాత నన్ననొద్దు."

"నిన్నెందుకంటాను. పొద్దుట్నుంచి నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే."

ఫోను పెట్టీ పెట్టకముందే కోడలు ఆ గది మీద జనం రాసినవి తీసి చదివింది. "'రాత్రంతా కన్ను మూతపడలేదు.' 'ఇంత పోసి బస్టాపులో పడుకున్నట్టుంది.' 'గది చాలా బాగుంది, కానీ దేవుడు చెవులెందుకిచ్చాడా అనిపించింది.'"

"ఆ ఆఖరాయన నా కోసమే రాశాడు" అంది ఆపరేటరమ్మ.

కొడుకు కంప్యూటరు మూసి, బుజ్జగించే గొంతు పెట్టాడు. "సరేనమ్మా, హోటలు అదే, నీ మాటే. కానీ బాల్కనీ గది మేం తీసుకుంటాం. పాప ఊరు చూస్తుంది, ముచ్చటపడుతుంది. నువ్వూ నాన్నా వెనక గదిలో హాయిగా పడుకోండి. నీకెలాగూ..."

"నాకెలాగూ ఏంటి?"

ఆపరేటరమ్మ తల భర్త వైపు తిప్పింది. ఆయన ఎక్కడ కూర్చున్నాడో ఆవిడకి వెతకక్కర్లేదు, ఆ నిట్టూర్పులు చాలు.

"ఏమండీ సర్దుబాటుగారూ. పోయినసారి మన గదికి కిటికీ ఉందా?"

తేలు కుట్టిన దొంగల్లా అంతా ఎక్కడివాళ్ళక్కడ ఉండిపోయారు.

"తెర ఉంది" అన్నాడాయన చివరికి.

"తెర వెనకాల?"

"గోడ."

"ఆ గోడకే రోజూ పొద్దున్నే నీళ్ళు పెట్టాడు కదూ మీ తోటమాలి."

"నానమ్మా, నన్ను చెప్పొద్దన్నారు" అంది మనవరాలు చిన్నగా. ముసలాయన ఏదో ప్రేమకొద్దీ అన్నాడనుకోవచ్చు. పసిదాని చేత కూడా ఆ అబద్ధం మోయించారు.

"నిన్ను బాధపెట్టడం ఇష్టం లేకమ్మా" అన్నాడు కొడుకు.

"బాధపెట్టండి, ఫర్వాలేదు. అమ్మా, ఈసారి నీకు కిటికీ లేదు, పిల్ల కోసం తీసుకున్నాం అని చెప్పు. పోట్లాడతానో, ఒప్పుకుంటానో నా ఇష్టం. ఆ ఇష్టమే లేకుండా చేశారు. నాకు కళ్ళు లేవని నాకు తెలుసు. బుర్ర కూడా లేదని మీరనుకున్నారు, అది నాకు అక్కడ తెలిసింది."

"నువ్వు సంతోషపడుతున్నావని చెప్పాను" అన్నాడు సర్దుబాటుగారు.

"పడ్డాను. మీరు చెప్తుంటే నిజంగానే సంతోషపడ్డాను. నా ఉక్రోషమంతా అదే."

కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళబోయి మళ్ళీ కూర్చుంది. ఆపరేటరమ్మ ఆవిడకీ చెప్పాల్సింది చెప్పింది. "పిల్ల బాల్కనీ చూడాలంటే నా గదికి రావచ్చు. తలుపు కొట్టి రావాలి. నేను మీ గది తలుపు కొట్టి వస్తూనే ఉన్నాను కదా ఇన్నాళ్ళూ." ఆ విషయం అక్కడికి తేలిపోయింది.

తేలిపోయిందని ఇంట్లోవాళ్ళనుకున్నారు గానీ హోటలువాళ్ళు అనుకోలేదు.

నగరంలో రైలు దిగి, టాక్సీలో హోటలు చేరేసరికి మధ్యాహ్నం అయింది. తలుపు బరువుగా, చప్పుడు లేకుండా తెరుచుకుంది. కాళ్ళ కింద నున్నటి రాతి నేల, చల్లగా. ఎక్కడో గిన్నెలో నీళ్ళు పడుతున్న చప్పుడు. కౌంటరు చెక్క మీద చెయ్యి పెడితే మైనం రాసి తోమినట్టుంది. బాగుంది అనుకుంది ఆపరేటరమ్మ. అప్పుడే మంచి సెంటు వాసన వేస్తూ మేనేజరు వచ్చాడు. వచ్చి ఆవిడ ముందు నిలబడి, ఆవిడ తల మీంచి కొడుకుతో మాట్లాడాడు.

"సర్, మేడమ్‌గారి సంగతి మాకిప్పుడే తెలిసింది. ఆ ముందు గది ఆవిడకి సరిపడదు. బాల్కనీ పిట్టగోడ పాతది, ఎత్తు తక్కువ. మా లోపలి సూట్ ఖాళీగా ఉంది. మా హోటల్లో అన్నిటికన్నా ఖరీదైన గది, స్నానాల తొట్టి ఉంది, లోపల సూది పడ్డా వినిపిస్తుంది. పైసా ఎక్కువ తీసుకోం. మేడమ్‌గారికి మా కానుక అనుకోండి."

"అబ్బ, ఎంత అదృష్టం" అంది కోడలు, మనస్ఫూర్తిగానే.

"తీసుకుందామమ్మా" అన్నాడు కొడుకు. అతని పాదం బ్రేకు మీద ఎంత గట్టిగా ఆనిందో ఆ గొంతులో తెలిసిపోయింది. "మనం అడక్కుండానే ఇస్తున్నారు. వద్దంటే బాగోదు."

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆవిడ మనసు జారింది. ప్రయాణం చేసి ఒళ్ళు అలిసింది. తొట్టి నిండా వేడినీళ్ళు, మెత్తటి పరుపు, నిశ్శబ్దం. ఒప్పుకుంటే అందరూ సంతోషిస్తారు, మేనేజరు చేతులు కట్టుకుంటాడు, ఎంత మంచావిడ అంటారు. ఇలాగే కదా ఇన్నాళ్ళూ లోపలి గదులన్నీ ఒళ్ళోకొచ్చి పడ్డాయి. ఒక్కటీ ఎవరూ బలవంతంగా తోయలేదు. అన్నీ కానుకలే.

"గది బుక్ చేసిందెవరు బాబూ?" అని అడిగింది.

"మీరే మేడమ్."

"అయితే నాతో మాట్లాడు. మా అబ్బాయి మొహం బాగుంటుందని నాకూ తెలుసు గానీ గది నాది." కౌంటరు పక్కన చేతికి తగిలిన సోఫాలో కూర్చుంది. కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంది. "రోడ్డువైపు గది ఇచ్చేదాకా ఇక్కడే ఉంటాను. సోఫా మెత్తగానే ఉంది."

"అమ్మా, నలుగురూ చూస్తున్నారు" అన్నాడు కొడుకు పళ్ళ బిగువున.

"పాపం చూడనీరా, వాళ్ళకి కళ్ళున్నాయి."

మేనేజరు భద్రత గురించి చెప్పాడు. బాధ్యత గురించి చెప్పాడు. ఏదన్నా జరిగితే పేరు పోతుందన్నాడు. ఆవిడ అంతా విని, పిట్టగోడ ఎంత ఎత్తని అడిగింది. నడుందాకా ఉంటుందన్నాడు. "నా నడుమా, నీ నడుమా?" అంది. అతనెప్పుడూ ఆ బాల్కనీలో నిలబడిన పాపాన పోలేదు.

ఎవరు ఎంతసేపు బతిమాలినా ఆవిడ కదల్లేదు. అప్పుడు కౌంటరు వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఆ వెంటనే చెక్క మీద ఇనప తాళంచెవి పెట్టిన చప్పుడు. ఫోన్లో నిజం చెప్పిన మనిషి అక్కడే ఉన్నాడన్నమాట. పెట్టాడు గానీ, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. కొడుకు ముట్టుకోలేదు. కోడలు పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడిపోయింది.

సర్దుబాటుగారు వెళ్ళి తీసుకున్నాడు.

"నాన్నా, మీరన్నా చెప్పండి" అన్నాడు కొడుకు.

"చెప్తున్నా. ఇన్నేళ్ళుగా మండే పొయ్యి ముందు నిలబడి నీకు వండిపెట్టిన మనిషి ఆవిడ. అప్పుడెవరూ ప్రమాదమన్లేదు." ఆయన మేనేజరు వైపు తిరిగాడు. "బాబూ, నేను అన్నిటికీ సర్దుకునే మనిషిని, మా ఆవిణ్ణడుగు, చెప్తుంది. దీనికి మాత్రం సర్దుకోను. మెట్లెటువైపు?"

ఆయన చెయ్యి కాస్త తడిగా ఉంది, భయపడుతున్నాడు. భయపడుతూనే ఆవిణ్ణి లేవదీశాడు. ఆవిడ మెట్ల పక్క పిడి మీద చెయ్యేసింది. వందల చేతులు పాకి అరగదీసిన చెక్క, పట్టులా జారింది. పైదాకా ఆవిడ ఆ చెయ్యి తియ్యలేదు.

గది తలుపులు బార్లా తీయగానే ఊరు మీద పడింది. బస్సు బ్రేకు కీచుమంది. కండక్టరు ఎవర్నో ఎక్కు ఎక్కు అని తరుముతున్నాడు. ఎదురుకొట్లో రేకు మీద సుత్తి దెబ్బలు, రెండు సుత్తులు, ఒకటి తొందరగా, ఒకటి తీరిగ్గా. వేయించిన గింజల వాసన, డీజిలు పొగ, ఎక్కడో తడిసిన సున్నం. ఆవిడ గడప దాటి పిట్టగోడ తడిమింది. నడుం కన్నా బెత్తెడు పైకే ఉంది.

సర్దుబాటుగారు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఎదురుగా..."

"ఆగండి. ముందు నన్ను విననివ్వండి" అంది. చాలాసేపు వింది. తర్వాత, "ఇప్పుడు చెప్పండి. ఉన్నదే చెప్పండి" అంది.

"ఎదురు మేడకి రంగు ఊడిపోయింది" అన్నాడాయన. "తీగల మీద ఎవరిదో చిరిగిన గాలిపటం ఉంది. కింద చెత్తడబ్బా పొంగి పొర్లుతోంది, దాని పక్కన కుక్క పడుకుంది. బస్టాపులో ఒకాయన ముక్కులో వేలు పెట్టుకున్నాడు."

ఆపరేటరమ్మ పిట్టగోడ పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మీ పూలతోట కన్నా ఈ చెత్తడబ్బా ఎంతో నయం" అంది. ఆయన కూడా నవ్వాడు, నవ్వుతూ ముక్కు చీదుకున్నాడు. తర్వాత లోపలికెళ్ళి, ఆ గోలలోనే, మంచి పరుపు మీద గుర్రుపెట్టి నిద్రపోయాడు.

పొద్దున్నే మనవరాలు తలుపు కొట్టి వచ్చింది, కాసేపు బాల్కనీలో నిలబడి కుక్కకి పేరు పెట్టి, టిఫిను వేళయిందని పరిగెత్తింది. అందరూ ఊరు చూడటానికి బయల్దేరుతూ ఆవిణ్ణీ రమ్మన్నారు. "మీరు చూసి రండి. నేను ఇక్కడుంటాను" అంది. కొడుకు గడపలో నిలబడి ఏదో అనబోయి, కుర్చీని పిట్టగోడకి కాస్త దూరంగా జరిపాడు. వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు ఆగాక ఆవిడ దాన్ని మళ్ళీ ముందుకి జరుపుకుంది.

ఎండ చేతుల మీదికి వచ్చింది. ఎదురు మేడ మీద ఎవరో తడి బట్టలు దులిపి ఆరేస్తున్నారు. కాసేపటికి ఆ దులపడం ఆగింది. రోడ్డు దాటి ఒక ఆడగొంతు వచ్చింది, బస్సుల మీంచి మాట్లాడి మాట్లాడి బండబారిన గొంతు.

"ఏమ్మోయ్, ఎంతసేపట్నుంచి చెయ్యూపుతున్నా, పలకవేం?"

"నన్నేనా?"

"నిన్ను కాక ఎవర్ని? పచ్చ శాలువా కప్పుకున్న నిన్నే. ఆ బాల్కనీలోకి మనిషొచ్చి ఎన్నాళ్ళయిందో. వచ్చినవాళ్ళంతా తలుపులేసుకుని పడుకుంటారు. పోనీలే ఒకరొచ్చారు కదా అని పలకరిస్తే మొహం తిప్పుకుంటున్నావు."

"నాకు చూపు లేదమ్మా. చెయ్యూపితే తెలీదు. నోటితో పిలవాలి."

అవతల మాట ఆగింది. ఇలాంటి నిశ్శబ్దాలు ఆపరేటరమ్మకి కొత్త కాదు. దీని తర్వాత అయ్యో పాపం వస్తుంది, లేదా గొంతు మెత్తబడి చిన్నపిల్లతో మాట్లాడినట్టు మారుతుంది. ఆవిడ దవడ బిగించి కూర్చుంది.

ఆ మనిషి అలాంటిది కాదు. కూరగాయల ధర అడిగినట్టు, వీధంతా వినిపించేలా అడిగింది.

"చూపు లేకపోతే మరి బాల్కనీలో కూర్చుని ఏం చేస్తున్నావు?"

ఇంట్లో అందరూ ఏళ్ళ తరబడి మెత్తగా, మూసి, తెర కట్టి అడిగిన ప్రశ్న ఇదే. మొహమ్మీద అడిగింది ఈవిడొక్కతే. ఆపరేటరమ్మ కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుంది, మోకాళ్ళు పిట్టగోడకి తగిలేదాకా. శాలువా సర్దుకుని తలెత్తింది.

"నేను నీకు కనబడుతున్నాను కదా" అంది.